అక్క మోకాలికి చీము పట్టకుండా

మోకాలు చూపించుకోవడానికి వెళ్తే డాక్టరు అక్కను నోరు తెరవమన్నాడు.

అక్క నా ముఖం చూసింది. నాకూ అర్థం కాలేదు. ఆయన చిన్న టార్చిలైటు వేసి, లోపలి దవడ పన్ను దగ్గర కాసేపు ఆగి, "ఇది ఎన్నాళ్ల నుంచి ఇట్లుందమ్మా?" అని అడిగాడు.

"అది నొస్తలేదు సారూ. నొచ్చేది మోకాలు," అంది అక్క. ఆయన పొరపాటు పడ్డాడేమోనని చీర కొంచెం పైకి జరిపి మోకాలు చూపించింది కూడా.

"నొయ్యకపోయినా దాని కింద చీముంది. ముందు పన్ను సంగతి చూసుకుని రండి. మోకాలు తర్వాత."

అక్క నాకంటే పదేళ్లు పెద్దది. మహబూబాబాద్‌లో, మా నోట మానుకోటలో, స్టేషనుకు పోయే దారిలో ఆమెకు చిన్న టిఫిన్ హోటల్ ఉంది. బావ పోయాక ఒక్కతే నడిపింది. పొద్దంతా పొయ్యి ముందు నిలబడే పని. నిలబడీ నిలబడీ మోకాళ్లు అరిగిపోయాయి. కాళ్లు దొడ్డికాళ్లలా బయటికి వంగి, నడుస్తుంటే మనిషి అటూ ఇటూ ఊగేది. ఎడమ మోకాలు మరీ మొరాయించాక, జనగామలో నా ఇంటి దగ్గర ఉంటే చూసుకోవడానికి వీలవుతుందని నేనే రమ్మన్నాను. ఆ రోజు ఆమెను రైలు దించడానికి మా ఆయనా నేనూ చెరొక చెయ్యీ పట్టుకోవాల్సి వచ్చింది. అట్లాంటి మనిషిని పట్టుకుని పన్ను పీకించుకోమంటే ఏమనుకోవాలి?

మా ముఖాలు చూసి డాక్టరు కుర్చీ ముందుకు జరుపుకుని కూర్చున్నాడు. మా వైపు మనిషే, ఓపికగా చెప్పాడు.

"మోకాల్ల లోహం పెడతం అమ్మా. మన ఎముకకైతే రక్తం అందుతది. ఏదన్న క్రిమి పోతే రక్తమే దాంతోని కొట్లాడుతది. లోహానికి రక్తం ఉండదు. పంట్లకెల్లి గానీ, మూత్రంలకెల్లి గానీ, కాలిమీద పుండులకెల్లి గానీ ఒక్క క్రిమి పోయి దాని మీద కూసున్నదనుకో, మందు గూడ దాని కాడికి సరిగ పోదు. ఒక్కోసారి పెట్టినదాన్ని మళ్ల తీసెయ్యాల్సి వస్తది. గందుకే ముందుగాలనే అన్నీ చూసుకుంటం."

లోపల ఉన్నంతసేపూ తలలూపాం. బయటికి వచ్చి ఆటో కోసం నిలబడినప్పుడు తెలిసింది, ఎవరికి అర్థమైంది వాళ్లదేనని. పంటిలోని పురుగు నరాల వెంబడి పాకి మోకాలి దాకా వస్తుందని అక్క అనుకుంది. ఆమెకు పళ్లన్నీ తీయిస్తారేమోనని నేను భయపడ్డాను. మా ఆయనకైతే వేసే లోహం తుప్పు పడుతుందని చెప్పినట్టు వినిపించింది. ముగ్గురం వాదించుకుంటుంటే రెండు ఆటోలు ఆగకుండా పోయాయి.

పన్ను తీయించాం. ఒక్కటే తీశారు. ఆ తర్వాత రక్తపరీక్షలో చక్కెర ఎక్కువుందని తేలింది. చక్కెర ఎక్కువుంటే కోసిన చోట తొందరగా మానదు, చీము పట్టడానికి ఎక్కువ వీలుంటుంది, అది తగ్గేదాకా ఆగాలన్నారు. అక్క మానుకోటకు తిరిగి వెళ్లింది. జీవితమంతా ఇడ్లీలు, వడలు చేసి పెట్టిన మనిషి వాటికి దూరంగా, పొద్దున పొద్దున జొన్నరొట్టె ముందు పెట్టుకుని కూర్చునేది. "మోకాలు చెడిపోతే నా నోరు కట్టేసిండ్రు," అని హోటల్‌కు వచ్చిన వాళ్లందరికీ చెప్పుకునేదట.

భూపాలపల్లిలో మాకొక తమ్ముడున్నాడు. బొగ్గు గనిలో పని. సంగతి విని వాడు ఫోన్ చేశాడు.

"చిన్నక్కా, ఆపరేషన్ వద్దే. మాతోని పనిచేసేటాయన తల్లికి గట్లనే చేసిండ్రు. లోపల చీము పట్టింది. పెట్టిన చిప్ప తీసేసి మళ్ల పెట్టిండ్రు. నెలలకు నెలలు మంచంల ఉన్నది ముసలామె. పెద్దక్కకు గా బాధ అవసరమా?"

వెంటనే అక్కకు చెప్పలేదు. వారం తిరక్కముందే వాడే మళ్లీ ఫోన్ చేసి, "మొన్న మానుకోట పోయి చూసొచ్చిన. గోడ పట్టుకోని నడుస్తున్నది. గట్ల ఎన్నాళ్లు నడుస్తది? చేపియ్యి అక్కా," అన్నాడు.

"మొన్న వద్దన్నవు గదరా!"

"అన్న. ఇప్పుడు నాకేం తోస్తలేదు. నువ్వే చూడు."

అక్క కూడా అదే అడిగింది. "నువ్వు బడిల పిల్లలకు చెప్పేదానివి గదా. చేపిచ్చుకోవాల్నా, వద్దా? ఒక్క మాట చెప్పు." నేను చెప్పేది తెలుగు. ఛందస్సు అడిగితే చెప్పగలను. మోకాలి గురించి పొద్దున ఒక మాట, సాయంత్రం ఒక మాట చెప్పేదాన్ని. నా మాటలు విని అక్క మరింత పరేషాన్ అయ్యేది.

చక్కెర దారికి వచ్చాక ఆపరేషన్‌కు రోజు ఖాయం చేశారు. అక్క మళ్లీ మా ఇంటికి వచ్చింది. అంతకు ముందు కొన్ని పరీక్షలు చేశారు. వాటిలో ఒకటి ముక్కుది. నర్సు పుల్లకు చుట్టిన దూదిని అక్క ముక్కు రెండు రంధ్రాల్లోనూ తిప్పి తీసింది. రెండు మూడు రోజులకు పిలిచి, ముక్కులో ఒక క్రిమి ఉంది, ఏం ఫరవాలేదు, ఈ మలాము రాసుకోవాలి, ఈ మందు సబ్బుతో రోజూ స్నానం చేయాలి అంది.

అక్క ముఖం మాడిపోయింది. నాకు ఆమె సంగతి తెలుసు. ఆమె హోటల్లో గిన్నెలు ఒకసారి తోమితే సరిపోయేది కాదు, ఎండలో బోర్లించాక మళ్లీ కడిగించేది. మంచినీళ్ల బిందెలో ఎవరైనా వేలు పెట్టారంటే ఆ నీళ్లు పారబోసేది. స్టేషన్ దారిలో అందరూ ఆమె హోటల్‌కు రావడానికి సగం కారణం ఆ శుభ్రమే.

"నా ముక్కుల పురుగులున్నయంటవా బిడ్డా?" అని అడిగింది.

నర్సు కంగారుపడింది. "పురుగులు కాదు పెద్దమ్మా, కంటికి కనపడని క్రిమి. చానమందికి ఉంటది. అది ముక్కుల ఉన్నంతసేపు ఏం చెయ్యది. కోసిన కాడికి పోతెనే తిప్పలు. నువ్వు శుభ్రంగ లేవని కాదు."

"మరి నా చెల్లెకు చూడు. దాని ముక్కుల లేకపోతే నాకెట్ల వచ్చింది?"

నర్సు నవ్వాపుకుంది. నేను నవ్వలేకపోయాను. అక్క కళ్లు తుడుచుకుంటోంది. ఇంటికి వచ్చాక అన్నం ముట్టలేదు. శుభ్రంగా ఉన్నవాళ్లకు ఎందుకుంటుంది, లేనివాళ్లకు ఎందుకుండదు, ఉంటే ఇన్నాళ్లూ ఏమీ కాకుండా ఎట్లా ఉంది అని అడుగుతూనే ఉంది. నర్సు చెప్పింది నిజమే అయి ఉంటుందని మాత్రం అన్నాను. మలాము చెప్పినట్టే రాసుకుంది. సబ్బుతో స్నానమూ చేసింది. కానీ ఆ కొన్ని రోజులూ నా వంటింట్లోకి రాలేదు. నీళ్లు కావాలన్నా గడప దగ్గర నిలబడి అడిగేది. రమ్మంటే, "ఉండనియ్యి, నీ వంటల పడతయ్," అనేది. ఆమె ఆ గడప దగ్గర నిలబడటం చూస్తే నాకు డాక్టరు మీద కోపం వచ్చేది. ఆయన చేసిన తప్పేమిటో మాత్రం నాకే తెలిసేది కాదు.

ఆపరేషన్‌కు ముందు రోజు మధ్యాహ్నం అక్క స్నానాల గదిలో చాలాసేపు ఉంది. పిలిచినా వస్తున్నా వస్తున్నా అంటోంది. చివరికి తలుపు తీసుకుని, గోడ పట్టుకుని బయటికి వచ్చింది. ముఖంలో చాలా రోజుల తర్వాత వెలుగు.

"చూడు," అని కాలు చూపించింది. "ఇప్పుడు చెప్పుమను, ఏం వంక పెడతడో."

ఆమె మోకాలు ఎర్రగా నిగనిగలాడుతోంది. మా ఆయన గడ్డం గీసుకునే బ్లేడుతో నూగంతా తీసేసింది. నున్నటి రాయితో చర్మం రుద్దింది. నాకు చూడముచ్చటగానే అనిపించింది. బాగుందన్నాను.

తెల్లవారి దవాఖానలో చేర్చుకునేటప్పుడు నర్సు కాలు చూసి ఆగిపోయింది. వంగి చూసింది. డాక్టరును పిలుచుకొచ్చింది. ఆయన కూడా వంగి చూశాడు. మోకాలి పక్కన మూడు చోట్ల బ్లేడుకు తెగి సన్నటి గీతలున్నాయి. ఒకదాని చుట్టూ చిన్న ఎర్రటి పొక్కు లేచింది.

"ఇయ్యాల చెయ్యను," అన్నాడు.

భూపాలపల్లి నుంచి మొదటి బస్సుకు బయలుదేరి వచ్చిన తమ్ముడు అప్పుడే లోపలికి అడుగుపెట్టాడు. "ఎందుకు సారూ? ఏమైంది?"

"బ్లేడు పెట్టిండ్రు. తెగిన చోట క్రిములు చేరుతయి. సరిగ్గ నేను కోసే కాడనే. నూగు తియ్యాల్సి వస్తే ఇక్కడ మేమే మిషన్‌తోని కత్తిరిస్తం. గీతలు మానినంక రండి."

అక్క చీర మోకాలి మీదికి లాక్కుంది. తర్వాత, "శుభ్రంగుండాలె అన్నది మీరే గదా," అంది. గట్టిగా కూడా అనలేదు.

"నేనన్న అమ్మా. బ్లేడు సంగతి మేం ముందే గట్టిగ చెప్పాల్సి ఉండె," అన్నాడు డాక్టరు.

ఆ మాట అక్కకు వినపడిందో లేదో తెలియదు. అప్పటికే మంచం దిగి చెప్పుల కోసం చూస్తోంది. మా ఇంటికి కూడా రాలేదు. తమ్ముడిని తీసుకుని నేరుగా స్టేషన్‌కు వెళ్లి మధ్యాహ్నం రైలుకు మానుకోట వెళ్లిపోయింది. ప్లాట్‌ఫారం మీద నాతో ఒకే ఒక మాట అంది. "మురికుంటె ఒక తప్పు, కడుక్కుంటె ఒక తప్పు. నాకు సమజ్ కాదు చెల్లె. నా కాలు నాకు గిట్లనే ఉండనియ్యి."

రైలు వెళ్లిపోయాక నేను అక్కడే బెంచీ మీద కూర్చుండిపోయాను. అక్క అన్నదాంట్లో తప్పేముంది? డాక్టరు అన్నదాంట్లో మాత్రం తప్పేముంది? కనపడని దాని గురించి ఒకరు జాగ్రత్త పడుతున్నారు, కనపడే దాన్ని ఇంకొకరు కడుక్కుంటున్నారు. ఇద్దరూ ఒకటే కోరుతున్నప్పుడు మరి గొడవ ఎక్కడొచ్చిందో నాకు అంతుపట్టలేదు.

తర్వాత చాలా రోజులు ఫోన్ చేస్తే హోటల్ సంగతులే చెప్పేది. మోకాలి మాట ఎత్తితే, "గిరాకి వచ్చింది, పెడుతున్న," అనేది. ఇక ఆశ వదులుకున్నాను.

ఒక ఆదివారం పొద్దున గుమ్మం ముందు ఆటో ఆగింది. చూస్తే అక్క. ఒక్కతే వచ్చింది. చేతిలో బట్టల సంచి. లోపలికి వచ్చి కుర్చీలో కూలబడి, ఊపిరి తీసుకున్నాక కాలు ముందుకు చాపింది. గీతలు పూర్తిగా మానిపోయాయి.

"పోదాం పా, ఆపరేషన్‌కు," అంది.

"ఏమైందక్కా? ఎవరన్న చెప్పిండ్రా?"

"ఎవ్వలు చెప్పలే. నాకు ఇప్పటికి సమజ్ కాలే, పన్నేందో, ముక్కేందో, బ్లేడేందో. కాని ఒక్కటి చూసిన. ఆ డాక్టరు గింత గీతకు భయపడ్డడు. రోగి చేతికొచ్చినంక ఎవ్వడన్న వాపస్ పంపిస్తడా? ఈయన పంపిండు. నా హోటల్ల గూడ, మరిగే నూనె కాడ భయంలేనోన్ని ఎన్నడు నిలబెట్టలే. భయపడేటోడే సక్కగ చేస్తడు."

ఎన్ని పరీక్షలు, ఎన్ని వివరణలు విన్నా నాకు కుదరని నమ్మకం ఆమెకు ఆ ఒక్క విషయంతో కుదిరింది. అది సరైన కారణమేనా అని నాకు అనుమానం. కానీ అడగలేదు.

ఆపరేషన్ రోజు మళ్లీ అన్నీ అర్థం కాని సంగతులే. థియేటర్‌లోకి తీసుకుపోయే ముందు నర్సు సూది మందు ఎక్కిస్తుంటే తమ్ముడు అడ్డం వచ్చాడు. "చీము లేదు, జ్వరం లేదు. రోగం రాకముందే మందేంది సిస్టరమ్మా?"

"కోసేటప్పటికి ఈ మందు రక్తంల ఉండాలె. కోసినంక ఇస్తే ఆలస్యమైతది," అని ఆమె పని ఆమె చేసుకుపోయింది.

మానుకోట నుంచి అక్క ఇరుగుపొరుగు నలుగురైదుగురు వచ్చారు. ఒక్కసారి చూసి బొట్టు పెట్టి పంపుతామన్నారు. లోపలికి వీల్లేదన్నారు. ఒకామె అలిగి మెట్ల మీద కూర్చుంది. తలుపు మూసుకుంది. ఇక అంతే. పక్క గది తలుపులు తెరుచుకుంటున్నాయి, మూసుకుంటున్నాయి. అక్కను తీసుకుపోయిన తలుపు మాత్రం కదల్లేదు. ఒక్క మనిషి బయటికి రాలేదు, ఒక్క మనిషి లోపలికి పోలేదు. తమ్ముడు గనిలో పనిచేసే మనిషి కదా, లోపలి నుంచి మనుషులు బయటికి రాకపోతే వాడి మనసు నిలవదు. "ఏదో అయ్యింది అక్కా. లేకపోతే ఒక్కలన్న వచ్చి చెప్పరా?" అంటూ నా చెయ్యి పట్టుకున్నాడు. నేను వాడికి ధైర్యం చెప్పలేదు. నాకూ అదే అనిపిస్తోంది.

చివరికి డాక్టరే బయటికి వచ్చి, బాగా జరిగిందన్నాడు. అంతసేపు ఎవరూ ఎందుకు రాలేదని తమ్ముడు దాదాపు కొట్లాటకు దిగినట్టు అడిగాడు. తలుపు తెరిచినప్పుడల్లా బయటి గాలి, దుమ్ము లోపలికి వస్తాయి, అందుకే పని అయ్యేదాకా ఎవరినీ అటూ ఇటూ తిరగనివ్వరని ఆయన చెప్పాడు. తమ్ముడు సరేనని తలూపి, పక్కకు వచ్చి గోడకు ఆనుకుని ఏడ్చాడు.

మరుసటి రోజే అక్కను నడిపించారు. మా ఇంటికి తెచ్చుకున్నాం. అసలు భయం అక్కడ మొదలైంది. మోకాలు వాచింది. ముట్టుకుంటే వేడిగా ఉంది. కట్టు మీద ఒక పక్క లేత ఎరుపు రంగు తడి కనిపించింది. చీము అంటే ఇట్లాగే మొదలవుతుందా? జ్వరం చూస్తే లేదు. నొప్పి నిన్నటికంటే ఎక్కువా తక్కువా అని అడిగితే, అక్క ఒకసారి ఎక్కువంటుంది, ఒకసారి అంతే ఉందంటుంది.

పక్కింటామె పసుపు, వేపాకు నూరి పట్టు వేస్తానంది. తమ్ముడు ఫోన్‌లో, "మెడికల్ షాపుల అడిగి గట్టి గోలీలు తెచ్చి వెయ్యి," అన్నాడు. మా ఆయన అప్పటికే చెప్పులేసుకుంటున్నాడు. దవాఖానకు ఫోన్ చేస్తే నర్సు ఒక్క మాటే చెప్పింది: కట్టు విప్పొద్దు, ఏమీ రాయొద్దు, సొంతంగా ఒక్క గోలీ కూడా వేయొద్దు, వెంటనే తీసుకురండి.

డాక్టరు కట్టు విప్పి, కుట్ల వెంబడి నిదానంగా చూశాడు. రక్తం తీయించాడు. "కొత్త మోకాలు కొన్నాళ్లు వెచ్చగనే ఉంటది. వాపు గూడ ఉంటది. ఈ తడి చీము లెక్క లేదు. కాని ఇప్పుడే ఏం కాలేదని ఒట్టేసి చెప్పలేను. రోజూ తెచ్చి చూపెట్టండి. తడి ఆగకపోయినా, ఎరుపు పాకినా, జ్వరమొచ్చినా ఊకోవద్దు."

"మరి గోలీలు వేసుకుంటె ముందే తగ్గిపోతది గదా సారూ?" అన్నాడు మా ఆయన.

"లోపల నిజంగ ఉంటే గోలీలు దాన్ని పైపైన అణుస్తయి. మాకు కనపడకుంట పోతది. అది ఇంకా ప్రమాదం."

బాగుందని చెప్తే సంతోషించేవాళ్లం. బాగాలేదని చెప్తే ఏడ్చేవాళ్లం. ఈ రెండింటికీ మధ్య ఉన్న మాటను ఏం చేసుకోవాలో మాకు తెలియలేదు. రోజూ ఆటోలో తీసుకెళ్లి, రోజూ అదే మాట విని వచ్చేవాళ్లం. బడికి సెలవు పెట్టాను. అక్క కాలు వంక చూసీ చూసీ, అది ఎర్రగా ఉందో లేదో కూడా నాకు తెలియకుండా పోయింది. కిటికీ దగ్గర ఒకలా, లైటు కింద ఇంకోలా కనిపించేది.

ఒక రోజు కట్టు పొడిగా వచ్చింది. మరుసటి రోజు కూడా పొడిగానే ఉంది. రక్తపరీక్ష బాగుందన్నారు. తర్వాత కుట్లు తీశారు. గాయం సన్నటి గీతగా మిగిలింది.

అక్క ఇప్పుడు మానుకోటలో మళ్లీ హోటల్ చూసుకుంటోంది. పొయ్యి ముందు ఇంకొకరిని పెట్టి, తను గల్లా దగ్గర కూర్చుంటోంది. నేను మాత్రం ఇప్పటికీ తేల్చుకోలేను. పన్ను తీయించకపోతే ఏమయ్యేది? ఆ మలాము రాయకపోతే? ఆ గీతలతోనే చేసి ఉంటే? ఏమీ అయ్యేది కాదేమో. తమ్ముడి గనిలో ఆయన తల్లికైనట్టు అయ్యేదేమో. ఆమె విషయంలో కూడా ఇవన్నీ చేశారేమో, చేసినా వచ్చిందేమో. డాక్టరును అడిగితే, "రాకుండ ఎంత చెయ్యాల్నో అంత చేస్తం. అసలే రాదని ఎవ్వలు చెప్పలేరు," అన్నాడు.

మొన్న చివరిసారి చూపించుకోవడానికి వచ్చినప్పుడు ఎక్స్‌రే చూసి ఆయన సంతోషించాడు. ఇక ఏడాదికి ఒకసారి వస్తే చాలన్నాడు. నేను హమ్మయ్య అనుకుని సంచి సర్దుతున్నాను.

అక్క లేవలేదు. కుడి కాలు ముందుకు చాపి, "మరి దీనికి ఎప్పుడు రావాలె సారూ?" అని అడిగింది.

నా చేతిలోని సంచి అట్లాగే ఉండిపోయింది. ఆమెను ఆపాలో, సరేననాలో తెలియక డాక్టరు ఏమంటాడోనని ఆయన ముఖం చూశాను. ఆయన అప్పటికే టార్చిలైటు తీసుకుని, "నోరు తెరువమ్మా" అంటున్నాడు.